పాస్టరమ్మ కాచిన ద్రాక్షరసం

నిన్న కొండాపూర్‌లో పక్క ఫ్లాట్ నుంచి నల్లద్రాక్ష ఉడుకుతున్న వాసన వచ్చింది. వెంటనే మణికొండలోని మా రేకుల చర్చి గుర్తొచ్చింది.

అప్పట్లో ఆ చర్చికి వచ్చిన మీకూ గుర్తుందా, ప్రభు భోజన సంస్కారమప్పుడు రొట్టె పంచాక ఒకే గిన్నె అందరి చేతులూ మారేది? అందులో ఉండేది నిజమైన వైనే. తాగుడు మానేసిన మా నాన్న రొట్టె మాత్రం తీసుకుని, గిన్నె దగ్గరికి రాగానే తల వంచుకునేవాడు.

ఒక ఆదివారం పొద్దున్నే పాస్టరమ్మ మా ఇంటికొచ్చి, మా కిరోసిన్ స్టవ్ మీదే ద్రాక్ష కాచింది.

"అన్నా, ఇయ్యాల్టి సంది చర్చిల అందరికీ గిదే. నిన్నొక్కన్ని ఇడిసిపెట్టి మేమెట్ల తాగుతం?" అంది.

ఆ రోజు నాన్న గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నాన్న తాగుతుంటే అమ్మ భయపడకుండా చూడటం, నాకు తెలిసి, అదే మొదటిసారి.