కోళ్ళగూటి వెనక సగం బండ

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కోళ్ళగూడు గురించిన అబద్ధం. నవ్వొస్తే నవ్వండి. మొదట్లో నేనూ అలాగే తేలిగ్గా తీసుకున్నాను, కోళ్ళే కదా, పోతే పోయాయి, మళ్ళీ పెంచుకుంటారు అని. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు చెప్పను. నంద్యాలలో నాకొక వెల్డింగు షాపు ఉంది. గ్రిల్లులు, గేట్లు, రేకుల షెడ్లు చేస్తాను. పని గట్టిగా చేస్తాడని ఊళ్ళో పేరు. ఎవరైనా ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మంట? పొగిడేవాళ్ళ మీదా? వాళ్ళేం చేశారు పాపం.

మా అక్కను ఆళ్ళగడ్డలో ఇచ్చాం. ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు. దాని పక్కనే మార్తమ్మ పెరడు. మధ్యలో కంపచెట్ల కంచె, అందులో ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులోంచే వాళ్ళిద్దరి కాపురాలు నడిచేవి. ఇటునుంచి చారు గిన్నె పోతే అటునుంచి పచ్చడి వచ్చేది. మార్తమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అక్కను చెల్లీ అని పిలిచేది. పొద్దున లేచి మొగుడి మొహం కంటే ముందు మార్తమ్మ మొహం చూస్తుందని బావ అక్కను ఆటపట్టించేవాడు.

అక్కకు నాటుకోళ్ళంటే పిచ్చి. గంప కింద మూస్తే పిల్లి, బయట వదిలితే గద్ద, ముంగిస. రెండుసార్లు కోడిపిల్లలన్నీ పోయాయి. గట్టి గూడొకటి కట్టిపెట్టమని నన్ను అడిగింది. కడతానన్నాను. ఊరికే అన్నానా? బావ ముందు, మార్తమ్మ ముందు మీసం దువ్వి మరీ అన్నాను, గురువారం పొద్దుగూకేలోపు అయిపోతుందని.

గూడు ఎలా కట్టానో చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. చుట్టూ కందకం తవ్వి రెండడుగుల బేతంచెర్ల బండలను అంచు మీద నిలబెట్టాను. అడుగున్నర మట్టిలోకి, అర అడుగు పైకి. ముంగిస ఎంత తవ్వినా బండే తగలాలి. వాటి పైన ఇనుప యాంగ్లర్ల చట్రం, వేలు కూడా దూరని సన్న కన్నుల జాలీ, పైన రేకు, కోళ్ళు ఎక్కి కూర్చోవడానికి వేపకొయ్యలు. ముందు తిరగడానికి పది అడుగుల దొడ్డి, గద్ద వాలకుండా దానికీ పైన జాలీ. తలుపుకు కిందొకటి, పైనొకటి గడియలు. మా బావ బండల లారీ తోలేవాడు. సరిగ్గా పద్నాలుగు బండలు దింపిపోయాడు.

పదమూడు నిలబెట్టాను. పద్నాలుగోది ఇద్దరు పట్టాల్సిన బండ. ఒక్కణ్ణే ఎత్తాను. ఎవరూ ఎత్తమనలేదు. చెయ్యి జారింది, అడ్డంగా రెండు ముక్కలైంది. ఇంకో బండ కావాలంటే బావ మళ్ళీ బేతంచెర్ల పోయొచ్చేదాకా వారం ఆగాలి. వారం ఆగితే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. బావ ఒక మాట అని నవ్వేవాడు. ఆ ఒక్క నవ్వు పడలేక సగం ముక్కను వెనక మూలలో నిలబెట్టాను. పైకి అన్నిటితో సమానంగా అర అడుగు కనిపించేలా పెట్టాను. మట్టిలోకి జానెడు కూడా పోలేదు. చుట్టూ మన్ను కప్పి, తొక్కి, నీళ్ళు చల్లాను. పైనుంచి చూస్తే పద్నాలుగు బండలూ ఒకే వరస. మార్తమ్మ వచ్చి గూడంతా చేత్తో తడిమి, మనిషి కూడా కాపురం చెయ్యొచ్చప్పా అంది.

ఎనిమిది నెలలు ఏమీ కాలేదు. తర్వాత ఒక శనివారం అక్క కోయిలకుంట్లకు పోయింది, మంచాన పడ్డ మా అత్తను చూడడానికి. కోళ్ళను మార్తమ్మకు అప్పగించింది. ఆదివారం పొద్దున మార్తమ్మ వాటికి జొన్నలు వేసి, నీళ్ళు పెట్టి, గడియలు వేసి చర్చికి పోయింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే గూడంతా రక్తం. తొమ్మిది కోళ్ళు పడున్నాయి, గొంతులు కొరికేసి. ఏదన్నా బతికుందేమోనని తలుపు తీసి లోపలికి దూరింది. సరిగ్గా అప్పుడే అక్క బస్సు దిగి వచ్చింది. అక్క చూసింది తీసి ఉన్న తలుపును, లోపల మార్తమ్మను. గడియ వెయ్యడం మరిచిపోతే కుక్క దూరిందనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఫోను వస్తే సాయంత్రం బస్సులో దిగాను. ఇద్దరూ ముందువైపు అరుచుకుంటున్నారు. నేను తిన్నగా వెనక మూలకు పోయాను. ఎందుకు పోయాను? ఎవరూ చెప్పకుండానే నా కాళ్ళు అటే ఎందుకు నడిచాయి? సగం బండ కింద గుంత ఉంది. పిడికిలి పట్టేంత. బండ అంచుకు బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ముంగిస. చూశాను. చెప్పుకాలితో మట్టిని గుంతలోకి తోశాను. తొక్కాను. పక్కనే పగిలిన కుండ ఉంటే దాని మీద బోర్లించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పుడు ముందుకు వచ్చాను.

"ఏమిరా, నువ్వే చెప్పు" అంది అక్క. "నీ పనిలో యాడన్నా సందుందా?"

మార్తమ్మ నా మొహంలోకే చూస్తోంది. నేను సందు ఉందంటే తను బతికిపోతానన్నట్టు చూస్తోంది.

"నేను కట్టిన గూట్లోకి చీమ గూడా దూరదక్కా. గడియ తీస్తే తప్ప" అన్నాను.

"విన్యావా? ప్రార్థనకు పోయే తొందరలో గడియ మర్సిపోయి, మళ్లా నామీదికే మాట్లాడతాండావు."

"బెట్టినా చెల్లీ. ఈ చేత్తోనే బెట్టినా." మార్తమ్మ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. కాసేపు అలాగే చూసుకుంది. "బెట్టినాననే అనుకుంటాండా" అంది.

ఆ రెండు మాటల మధ్య ఒక మనిషిని పాడుచేశాను. పెట్టినా అన్న మనిషి పెట్టాననుకుంటున్నా అంది, నా నోటి మాట విని. నాకు అప్పుడు కూడా కోపమే వచ్చింది, ఎవరి మీదో తెలుసా? ఆమె మీద. ఇంకొంచెం గట్టిగా కొట్లాడొచ్చు కదా? వెనక్కి పోయి ఆ కుండను కాలితో తన్నొచ్చు కదా? ఎందుకు నమ్మాలి నన్ను? వెల్డింగువాడు చెప్పాడని తన చెయ్యినే నమ్మడం మానేస్తుందా? ఎన్నిసార్లు ఆమెను తిట్టుకున్నానో లెక్కలేదు. తప్పు చేసినవాడికి ఎదుటివాళ్ళను తిట్టుకోవడం చాలా సుఖంగా ఉంటుంది.

మరుసటి వారం అక్క ఆ సందు మూసెయ్యమంది. మూశాను. కంచె పీకేసి, పెరడు పొడుగునా బండలు నిలబెట్టి గోడ కట్టాను. ఈసారి బావ ఎన్ని కావాలంటే అన్ని బండలు తెచ్చాడు. ఒక్క దాన్నీ ఒంటిగా ఎత్తలేదు. ప్రతి బండా అడుగున్నర లోపలికి దించి సిమెంటు పోశాను. ఇద్దరు ఆడవాళ్ళను విడదీసే గోడను మాత్రం అంత నిజాయితీగా కట్టాను. మిగిలిన సిమెంటును ఎవరూ లేనప్పుడు తీసుకుపోయి సగం బండ కింద పోశాను. అక్క మళ్ళీ కోళ్ళు తెచ్చింది. మళ్ళీ ఒక్క కోడీ పోలేదు. చూశారా, ఇప్పుడు గడియ సరిగ్గా వేస్తున్నాం కాబట్టి పోవడం లేదని వీధిలో అందరికీ చెప్పుకుంది. నా సిమెంటు కూడా మార్తమ్మ మీదే సాక్ష్యం చెప్పింది.

మార్తమ్మ ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా పోయి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసుకోవడం మొదలుపెట్టింది. రెండుసార్లు, మూడుసార్లు. వీధి నవ్వింది. మా అక్కా నవ్వింది. బడిలో గ్యాసు ఆపానో లేదో అని ఇంటికొచ్చినదల్లా మళ్ళీ బడికి పరిగెత్తేది. పిల్లలకేమన్నా అవుతుందని భయపడి చివరికి ఆ పనే మానేసింది. నన్ను చూసినప్పుడల్లా మాత్రం, "బాగుండావాప్పా" అని పలకరించేది. పన్నెండేళ్ళు. తిట్టినా బాగుండేది.

పోయిన నెల అక్క గూడున్న చోట బాత్రూము కట్టించాలనుకుంది. కట్టినవాడివి నువ్వే పీకు అంది. ఎవరినన్నా పంపిద్దామని రెండు వారాలు సాకులు చెప్పాను. చివరికి నేనే పోయాను. పదమూడు బండలు పొడుగ్గా వచ్చాయి. పద్నాలుగోది సగమే వచ్చింది, కింద సిమెంటు ముద్దతో. అక్క గంప పట్టుకుని పక్కనే ఉంది. ఇదేందిరా ఇట్లుంది అంది. ఆ రోజు విరిగిందని, విరిగిందే పెట్టానని చెప్పాను. అక్క బండ పక్కన జాన పెట్టి కొలిచింది. మొహం పాలిపోయింది.

"నీకు తెలీదు కదరా ఆపొద్దు? తెలిసుంటే చెప్పకుంటావా" అంది.

తెలీదన్నట్టు తల ఊపాను. సిమెంటు ముద్ద ఆమె కళ్ళముందే ఉంది. ఎప్పుడు పోశావురా అని అడగలేదు. తమ్ముణ్ణి అలా అడగడం ఆమెకు తోచలేదు.

అక్క చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఒకప్పుడు పది అడుగులు. ఇప్పుడు వీధి చుట్టి, మలుపు తిరిగి పోవాలి, నా గోడ ఉంది కాబట్టి. కాసేపటికి గోడ అవతల అక్క ఏడుపు వినబడింది. మా వానికి తెలీదంట మార్తక్కా, అంటోంది. తర్వాత మార్తమ్మ గొంతు, నెమ్మదిగా, చదువుకుంటున్నట్టు వచ్చింది.

"అయితే నేను గడియ బెట్టినా."

మళ్ళీ అంది. "బెట్టినా చెల్లీ, నేను బెట్టినా."

నేను సగం బండ పట్టుకుని గోడ ఇవతల నిలబడ్డాను. నోరు విప్పితే వినబడేంత దూరం. విప్పలేదు. తెలియక చేశాడని మార్తమ్మ నన్ను క్షమించి ఉంటుంది. ఆ క్షమ నాది కాదు, తెలియక చేసినవాడెవడో వాడిది.

అందుకే మీకు రాస్తున్నాను. బండ విరగడం పొరపాటు. దాన్ని పెట్టడం పొగరు. అవి రెండూ అక్కకు చెప్పాను. చెప్పనిది ఒక్కటే. ఆ సాయంత్రం ఆ గుంతను చూశాను. నా కాలితోనే పూడ్చాను. పూడ్చి వచ్చి, ఆమె మొహంలోకి చూస్తూ చీమ కూడా దూరదన్నాను. మార్తమ్మ గడియ పెట్టింది. నాకు తెలుసు. ఆ రోజే తెలుసు.