ఆమె కాగితం మీద నా చెయ్యి

మా వైపు ఎత్తు అంటే చేపల చెరువు గట్టు. అది కాకపోతే రైలు పట్టాల మీది వంతెన. అయినా ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన ముప్పై ఏళ్లలో నేను వేసినన్ని కొండలు, కొండల్లో పుట్టినవాడు కూడా వేసి ఉండడు. క్రిస్మస్ నాటకాల తెరల మీద బెత్లెహేము కొండలు, చర్చిల్లో బాప్తిస్మం తొట్టి వెనక గోడ మీద యొర్దాను నది, ఆ నది వెనక మంచు కొండలు. యొర్దాను పక్కన అంత మంచు ఉంటుందాండీ అని గణపవరంలో ఒక పాస్టరుగారు అడిగారు. ఉంటే బాగుంటుందండీ అన్నాను. ఆయనకూ అది సబబుగానే తోచింది.

నా వృత్తిలో ఉన్న ఒక అలవాటు గురించి ముందే చెప్పాలి. దిద్దడం. పోటీలకు బొమ్మలు పంపే ముందు పిల్లలు వరసగా నిలబడి, "మాస్టారూ, ఒక్కసారి చెయ్యి వెయ్యండి" అనేవారు. వేసేవాణ్ణి. ఒక నీడ, ఒక కొమ్మ, ముక్కు కాస్త నిటారుగా. మా స్కూలుకు ప్రతి ఏడూ కప్పులు వచ్చేవి. వాటిలో సగం నా చేతివేనని హెడ్మాస్టరుగారికీ తెలుసు, జడ్జీలకూ తెలుసు. వాళ్లూ డ్రాయింగు మాస్టర్లే కదా, వాళ్ల పిల్లల బొమ్మలు మాత్రం ఎవరు దిద్దారు? తప్పని మాకెవరికీ తోచలేదు. బిడ్డకు జడ వేసి బడికి పంపినట్టే అనుకున్నాం.

మా ఆవిడ ఉంగుటూరు దగ్గర చిన్నపిల్లల బడిలో టీచరు. తనకు బొమ్మలంటే ఇష్టం. పెళ్లయిన కొత్తలో ఆకివీడు అవతల వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు, కొల్లేటి గట్టు మీద కూర్చుని ఒక గూడబాతును వేసింది. ముక్కు పొట్టిగా ఉందని నేను సాగదీశాను. ఆదివారపు బడి పిల్లల కోసం నోవహు ఓడ వేస్తే, నోవహుకు గడ్డం నేను పెట్టాను. "బాగా వచ్చిందండి" అనేది ప్రతిసారీ. ఆ మాట నాకు మెప్పులాగానే వినబడేది. ఎన్నేళ్లు విన్నా మరోలా వినబడలేదు. అంతటి చెవులు నావి.

ఇద్దరం రిటైరయ్యాక, పోయినేడు, తనే ఫోనులో చూపించింది. జార్జియా అనే దేశం, మంచు కొండలు, ఎనిమిది రోజులు. ఒక చిత్రకారిణి వెంట ఉండి ఆరుబయట కూర్చోబెట్టి బొమ్మలు వేయిస్తుందట. ఈ వయసులో మనకెందుకు అన్నాను. "మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తానండి" అంది. తాడేపల్లిగూడెం దాటి ఒంటరిగా రైలెక్కని మనిషి అన్న మాట అది. నేనూ బయల్దేరాను.

పెట్టెలు సర్దుతూ, మడిచిన స్వెట్టర్లు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఒక్కటే అడుగుతాను. అక్కడ నా కాగితం మీద మీరు చెయ్యి వెయ్యకండి. బాగున్నా, బాగోకపోయినా, ఇది నేను వేశానని చెప్పుకోవడానికి నాకొకటి ఉండాలండి. ఒక్కటి చాలు."

"సరే. నువ్వు పేడముద్ద వేసినా నోరెత్తను."

"నోరు కాదండీ. చెయ్యి."

సరేనన్నాను. నవ్వుతూనే అన్నాను.

జార్జియాలో మేం దిగిన కొండ ఊళ్లో ఇంటికొక రాతి బురుజు ఉంది. తల ఎత్తితే కొండ, తిప్పితే కొండ. నేను చర్చి గోడల మీద వేసిన కొండలు గుర్తొచ్చి మొదటిరోజు కాస్త సిగ్గుపడ్డాను. రెండోరోజుకు అది పోయింది. మాతో వచ్చిన మిగతా ఆరుగురూ తెల్లవాళ్లు, వాళ్లకు నా చేతి నేర్పు చూసి ముచ్చట. మమ్మల్ని నడిపించే చిత్రకారిణికి యాభై ఏళ్లుంటాయి. పొద్దున్నే గడ్డి మైదానానికి తీసుకెళ్లి, మడత స్టూళ్లు వేయించి, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని తిరిగేది. ఎవరి కాగితాన్నీ ముట్టుకునేది కాదు. ఏదైనా చూపాలంటే తన పుస్తకంలో వేరే గీసి చూపేది. ఫీజు పుచ్చుకుని చేతులు కట్టుకుని తిరిగే మాస్టర్ని ఇక్కడే చూశానని మా ఆవిడతో తెలుగులో అన్నాను.

మూడోరోజు ఆ చిత్రకారిణి నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. చాలా నేర్పు ఉంది మీకు అంది. ఆ తర్వాత, "ఇది మీరు ఇక్కడికి రాకముందే వేసేశారనుకుంటాను" అంది. మర్యాదగానే అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కడం దేనికంటే, నిజం కనక. ఎదురుగా అంత కొండ పెట్టుకుని నేను వేసింది గణపవరం చర్చి కొండనే.

మా ఆవిడ మొదటి మూడు రోజులూ ఏవో పాడుచేసింది. కొండలు వరికుప్పల్లా వచ్చాయి. నాలుగోరోజు వచ్చింది అసలు బొమ్మ. దాన్ని బొమ్మ అనడానికి మొదట నాకు మనసొప్పలేదు. కింద ఒక సన్నటి పచ్చటి గీత, చదునుగా, మన చేలలాగా. పైన సగం కాగితం ఖాళీ. ఆ ఖాళీయే మంచు. కొండ శిఖరం ఎడమకు కాస్త ఒరిగి ఉంది, బరువు మోస్తున్న మనిషిలా. నీటిరంగుల్లో తెల్లరంగు వాడరు, కాగితాన్ని ముట్టుకోకుండా వదిలితే అదే తెలుపు. అలా వదలడానికి ధైర్యం కావాలి. అందరూ స్టూళ్లు వదిలి వచ్చి చూశారు. చిత్రకారిణి చేతులు వీపు వెనక నుంచి ముందుకు వచ్చాయి, గుండెల మీదికి. మా ఆవిడ ముఖం అలా వెలగడం నేను ఏనాడూ చూడలేదు. కుంచెలు కడుక్కొస్తానని వాగు దగ్గరికి వెళ్లింది. చిన్నపిల్లలా నడిచింది.

కాగితం నా పక్కనే ఉంది.

ఈర్ష్యపడ్డానని చెబితే కొంత నయంగా ఉంటుంది. పడ్డాను కూడా. కానీ చెయ్యి అందుకు కదల్లేదు. కుడివైపు నీడ లేదు, అందుకు కదిలింది. ఎండ ఎడమ నుంచి వస్తుంటే కుడివైపు నీలం ఉండి తీరాలి. ఒక్క గీత వేశాను. అది ఒంటరిగా ఉంటే దానికి తోడు మరొకటి. ఒరిగిన శిఖరాన్ని కాస్త నిలబెట్టాను. కింద మూల వెలితిగా ఉందని ఒక దేవదారు చెట్టు పెట్టాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, జీతం తీసుకుని నేర్చుకున్నది.

తను వచ్చింది. నిలబడి చూసింది. నా చేతిలో కుంచె ఉంది.

"ఎండిపోయిందాండీ?" అంది.

నీటిరంగు తడిగా ఉంటే దూదితో అద్ది కొంత తీసెయ్యవచ్చు. అంతవరకూ నేర్చుకుంది. ఎండిందన్నాను. స్టూలు మీద కూర్చుని, కడిగిన కుంచెల్ని గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, అందరూ లేచేదాకా అలాగే ఉంది.

చివరిరోజు మేం దిగిన ఇంటి భోజనాల గదిలో బొమ్మలన్నీ గోడకు ఆనించి పెట్టారు. ఎవరి బొమ్మ గురించి వాళ్లు రెండు మాటలు చెప్పాలి. మా ఆవిడ వంతు వచ్చింది. తన బడి ఇంగ్లీషులో నిదానంగా, "ఇది మా ఆయన వేసిన బొమ్మ. తెలుపు ఒక్కటే నాది" అంది. అందరూ హాస్యమనుకుని నవ్వారు. చిత్రకారిణి నవ్వలేదు. నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

అక్కడ తిట్టలేదు, విమానంలో తిట్టలేదు, ఇంటికొచ్చాకా తిట్టలేదు. తిడితే బతికిపోయేవాణ్ణి. కాఫీ వేళకు కాఫీ, మాత్రల వేళకు మాత్రలు. రంగుల పెట్టె మాత్రం ఆదివారపు బడి పిల్లలకిచ్చేసింది. "మళ్లీ కొనిస్తాను, వెయ్యి. ఈసారి నేను అసలు ఇంట్లోనే ఉండను" అన్నాను.

"మీరు ఇంట్లో లేకపోతే మాత్రం ఏమవుతుందండీ. నేను తెల్లగా వదిలిన చోట ఇక మీరేం పెడతారా అనే చూసుకుంటాను" అంది. కోపంగా కాదు. కూర ఉప్పు సంగతి చెప్పినట్టే చెప్పింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే నాకిప్పుడు బాగా తెలుసు. ఆమె బొమ్మను నేనే మళ్లీ వేసిద్దామనుకున్నాను. నా నీడలు లేకుండా, చెట్టు లేకుండా, తను వేసింది వేసినట్టు. అది కళ్ల ముందు కదులుతూనే ఉంది కదా అనుకున్నాను. రోజూ పొద్దున్న వరండాలో కూర్చుని వేస్తున్నాను. శిఖరాన్ని ఎడమకు ఒరిగించాలని చూస్తాను. నా చెయ్యి దాన్ని ఒరగనివ్వదు. ఒరిగించినా, ఒరిగించినట్టు తెలిసిపోతుంది. తెలుపు వదిలితే ఎక్కడ ఆపాలో లెక్క కట్టి వదిలినట్టే ఉంటుంది. ఒక్కటీ తప్పు రాదు. ఇన్నేళ్ల నేర్పులో ఆమె వేసిన ఒక్క కొండ లేదు.

నిన్న కాఫీ తెచ్చి బల్ల మీద పెడుతూ, నా ముందున్న కాగితం కేసి చూసింది.

"బాగా వచ్చిందండి" అని లోపలికి వెళ్లిపోయింది.