మొదటి బస్తాని మబ్బు మింగేసింది

ఒట్టు రవణమ్మా, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఉద్దానంలో మాకున్న జీడిచెట్లన్నీ పూతలోనే మాడిపోవాలి. ఒక్క చెట్టునైనా వదిలెయ్యమని దేవుణ్ణి అడగను. టీ చల్లారిపోతంది, ముందు తాగు. మొన్న మా ఫ్యాక్టరీలో దొంగని పట్టుకున్నాం. పట్టుకున్నాక ఆ దొంగని ఏం చెయ్యాలో తెలీక మా జయ తల పట్టుకుని కూర్చుంది. ఎందుకో నువ్వే విను.

మా కోడలు జయ ఊరుకునే మనిషి కాదు కదా! జీడిపిక్కలు లారీ దిగిన దగ్గర్నుంచి పప్పు డబ్బాల్లోకెక్కే దాకా అన్నీ ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టింది. ఈఆర్‌పీ అంటారట. అది చాలలేదు. ఇప్పుడు ఆ లెక్కలన్నీ తీసుకెళ్లి క్లౌడ్‌కి కలపాలంది. బొంబాయిలో మన పప్పు కొనే సేటు తన ఫోన్లోనే మన సరుకంతా చూసుకోవాలట. రంగురంగుల గ్రాఫులట!

"క్లౌడంటే మబ్బే కదే? మన సరుకు మబ్బులో పెడితే తుపానొచ్చినప్పుడు ఏటౌతాది? ఒరిస్సా ఎలిపోదూ?" అన్నాను.

"అత్తా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటే ఏ తుపానూ రాదు" అంది.

విశాఖ నుంచి హరిత అని ఒక ఇంజినీరు దిగింది. గుంట ఎంత సన్నమంటే, చేతిలో లాప్‌టాప్ బరువు లేకపోతే పలాస స్టేషన్లో రైలు గాలికే ఎగిరిపోయేది. వచ్చి కూర్చుని టకటకా ఏదో కొట్టి, "పైప్‌లైన్ వేసేశాను మామ్మగారూ! ఇక్కడ ఏది ఎక్కితే అక్కడ అది కనిపిస్తుంది" అంది. జీడిపప్పు డబ్బా ఒకటి చేతిలో పెట్టి సాగనంపాం. ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

ఆ తర్వాత మొదలైంది! రోజూ సాయంత్రం జయ రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సరుకు క్లౌడ్‌లో లేదు. ఒక బస్తా తక్కువ. మర్నాడు మళ్లీ ఒక బస్తా తక్కువ. ఆ మర్నాడూ అంతే! ఎప్పుడూ ఎక్కువ రాదు చూడు, తక్కువే. గోదాములో లెక్కపెడదామంటే అప్పటికే బస్తాలు విప్పేసి పిక్కలు బట్టీకి పంపేశారు. జయ ముఖం చూడాలి, సున్నమేసిన గోడలా అయిపోయింది.

సరిగ్గా అప్పుడే సేటు ఫోన్ చేశాడు. జయ స్పీకర్‌లో పెట్టింది. "అమ్మా, మీ ఆఫీసు లెక్కొకటి, నా స్క్రీన్ మీద లెక్కొకటి. గోదాములో ఎవరో చెయ్యి పెడుతున్నారు. ఆ మనిషిని మీరు తీసెయ్యండి. లేదంటే నేనే పోలీసు కంప్లయింట్ ఇస్తాను."

ఆ మనిషంటే ఎవరు? గోదాము తాళాలుండేది అప్పన్న దగ్గరే. అతనిది భావనపాడు. అన్నదమ్ములందరూ సముద్రం మీద బతికేవాళ్లు. ఇతనొక్కడికే పడవెక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకని మా మావగారి కాలంలోనే మా గోదాముకొచ్చి పడ్డాడు. జయ అతన్ని మావా అనే పిలుస్తుంది.

మరి నేనూరుకుంటానా? "నాకు ముందే తెలుసే!" అన్నాను. నిజానికి నాకేమీ తెలీదు. అయినా ఆ రోజంతా బస్తాల వెనక నక్కి కూర్చుని అప్పన్న మీద కన్నేశాను. పిక్కల దుమ్ముకి నేను తుమ్మిన తుమ్ముకి కోటబొమ్మాళిలో బస్సులాగిపోయాయి. అప్పన్న వచ్చి బస్తా పక్కకి జరిపి, "పెద్దమ్మా, ఈడేటి సేత్తన్నారు? నడుం పట్టేసిందేటి?" అని చెయ్యందించి లేపాడు. లేచినదాన్ని లేచినట్టే ఉండొచ్చు కదా! "దొంగని కాపు కాత్తన్నాను" అనేశాను.

అతనికి అర్థమయ్యేసరికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక, రవణమ్మా, మొలనున్న తాళాల గుత్తి తీసి కాటా మీద పెట్టాడు. "తూకమెయ్యండి పెద్దమ్మా. తక్కువొత్తే సెప్పండి" అన్నాడు.

జయ పరుగెత్తుకొచ్చింది. "మావా, ఆగు. నేనేమీ అనలేదు కదా? హరితని మళ్లీ రమ్మన్నాను. రేపు పొద్దున్న అందరి ముందూ తూకమేసి చూద్దాం."

"సూడమ్మా. రేపు కూడా తక్కువొత్తే నన్ను దొంగనే అనాల మరి. ఊర్లోకి ఏ మొగమెట్టుకుని ఎల్తాను? నానేటైనా సిన్నోణ్ణా, ఇంకో సోట పని సూసుకోడానికి!"

మర్నాడు ఆ కాటా దగ్గర పెళ్లికొచ్చినంత జనం! పప్పు పొట్టు తీసే పీలింగ్ ఆడవాళ్లందరూ పళ్లాలు ఒగ్గేసి కిటికీల దగ్గర వేలాడుతున్నారు. హరిత ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జయ నిలబడే గోళ్లు కొరుక్కుంటోంది. సేటు ఫోన్లో లైన్ మీదే ఉన్నాడు. అప్పన్న గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడటంలేదు.

"మొదటి బస్తా నుంచి నా కళ్ల ముందే వెయ్యండి" అంది హరిత.

మొదటి బస్తా అంటే నా చెయ్యి పడాలి, నీకు తెలుసుగా. మా ఇంట్లో బోణీ తూకం నాదే. బరువు కాటా నుంచి దానంతటదే ఎక్కుతుంది. అది ఎన్నో బస్తానో మాత్రం పక్కనున్న ట్యాబ్‌లో మనం కొట్టాలి. నాకోసమని జయ అందులో తెలుగు అక్షరాలు కూడా పెట్టించింది. కళ్లు మూసుకుని అమ్మవారికి దండం పెట్టుకుని నొక్కాను. ట్యాబ్ టింగుమంది.

"ఆఫీసులో ఎక్కింది" అంది జయ.

హరిత తన స్క్రీన్ చూసింది. చూసింది. చూస్తూనే ఉంది. "క్లౌడ్‌లో రాలేదు" అంది.

ఓలమ్మో! ఫ్యాక్టరీ మొత్తానికి ఊపిరాగిపోయింది. నాకు మాత్రం నోరాగలేదు. "అగ్గో! సూశారా! మళ్లీ ఎత్తీసాడు!" అని అరిచాను.

"ఎక్కడెత్తాడత్తా?" అంది జయ పళ్లు బిగించి. "బస్తా కాటా మీదే ఉంది. మావ గోడ దగ్గరున్నాడు."

చూస్తే నిజమే. బస్తా నా ముందే, లడ్డూలా కూర్చునుంది. అయినా వెనక్కి తగ్గితే నేనేటి? "అదే కదే ఇచిత్రం!" అన్నాను. కిటికీల దగ్గర ఎవత్తో కిసుక్కున నవ్వింది. అప్పన్న నవ్వలేదు.

రెండో బస్తా జయ కొట్టింది. క్లౌడ్‌లో గీత పైకి లేచింది. మూడోది కొట్టింది. లేచింది. హరిత లేచి నిలబడింది. "ఆ మొదటిది మళ్లీ ఎక్కించండి. మామ్మగారూ, మీరే కొట్టండి." కొట్టాను. రాలేదు. "ఇప్పుడు అదే బస్తా జయగారు కొట్టండి." జయ కొట్టింది. గీత టక్కున లేచి నిలబడింది!

అందరూ గోడ వైపు చూడ్డం మానేసి నా వైపు చూస్తున్నారు. చుట్టూ అంత మంది, మధ్యలో నేనూ నా వేలూ.

"మామ్మగారూ, అసలు మీరేం కొడుతున్నారు?" అంది హరిత మెల్లగా.

"ఏటి కొడతాను? అందరూ కొట్టీదే."

"ఒకసారి నాకు చూపిస్తూ కొట్టండి."

కొట్టాను. లా. భం.

హరిత వంగి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "లాభమా? అక్కడ ఒకటి అని కదా రావాలి?"

"కాటా దగ్గర ఎవరైనా ఒకటి అంటారేటే, పిచ్చిగుంటా? లాభం, రెండు, మూడు! మా తాతల నాటి నుంచీ కొలత అలాగే మొదలెడతాం. మొదటిది లాభమంటేనే సరుకు కలిసొచ్చేది!" అని కిటికీల వైపు తిరిగాను. "ఏటే, మీరు సెప్పండి!"

"అవునమ్మా, ఒకటి అనరు, అనరు" అన్నారు ఆడవాళ్లందరూ కలిసి.

"నోటితో అనడం వేరు, అత్తా!" అంది జయ. అని అక్కడే ఆ బస్తా మీదే కూలబడిపోయింది.

హరిత నవ్వాపుకోలేక నాకు బోధపరిచింది. మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ మెతకదట, ఏది కొట్టినా తీసుకుంటుందట. క్లౌడ్ పైపు దగ్గర మాత్రం అంకె రావాల్సిన చోట అక్షరాలొస్తే ఆ బస్తాని మొత్తం బయటికి నెట్టేస్తుందట. ఎవరికీ చెప్పదట! "తప్పు నాదే, అలా నెట్టేసినప్పుడు అలారం పెట్టి ఉండాల్సింది" అంది పాపం. ఇప్పుడు ఆ గడిలో అంకె తప్ప ఏమీ పట్టదు. నా వేలు చూస్తే చాలు, ట్యాబ్ ఎర్రగా మారి గగ్గోలు పెడుతోంది. ఇంతకాలం సరుకుని మబ్బు దారిలో మాయం చేసిన గజదొంగని నేనే!

సేటు ఫోన్లో నవ్వాడు. పీలింగ్ ఆడవాళ్లు పళ్లాలు కిందపడేలా నవ్వారు. అప్పన్న ఒక్కడే తువ్వాలు భుజాన వేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. జయ వెంటపడి చేతులు పట్టుకుంది. "నీ మీద కోపం లేదమ్మా" అన్నాడట. అంతే. మరి రాలేదు. ఫోన్ ఎత్తడు. గోదాము ఎవరు చూసుకున్నా నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

అందుకే నిన్ను టీకి పిలిచాను, మరేటనుకున్నావు? టెక్కలి బస్సెక్కు, అక్కణ్ణుంచి ఆటోలో భావనపాడు వెళ్లు. నేనే వెళ్దునుగానీ, నా మాట అతను నమ్మడు. నేను వంద అంటే అతను పదో వంతు చేసి వింటాడు, అలవాటైపోయింది. పెద్దమ్మ బిందెలకొద్దీ ఏడ్చిందని చెప్పకు. అన్నం మానేసిందనీ చెప్పకు, పొద్దున్నే తిన్నాను. తప్పు తనదేనంది, రమ్మంది అని చెప్పు. అంతే చెప్పు. ఒక్క మాట కూడా పెంచకు రవణమ్మా. లే, లే, ఆ గ్లాసు అక్కడ పెట్టెయ్, బస్సు ఎలిపోతాది.