ఒక్కపొద్దు ఉండి ఇచ్చిన రక్తం

ఆ రోజుల్లో మా నాగలమడిక చుట్టుపక్కల కుర్రాళ్లకు సోలార్ పార్కులో పని దొరకడమంటే పెళ్లి కుదిరినంత గొప్ప. నాకు ప్యానెళ్లు కడిగే పని దొరికింది. కొన్నాళ్లకు పర్మినెంట్ చేస్తామని, దానికి ముందు పావగడ వెళ్లి రక్త పరీక్ష చేయించుకు రమ్మని సూపర్‌వైజరు చెప్పాడు. "ఖాళీ కడుపుతో పోవల్ల" అని ఒక్క మాట కలిపాడు. మా అవ్వకు ఆ ఒక్క మాట చాలు.

అవ్వ దృష్టిలో ఖాళీ కడుపంటే ఒక్కపొద్దే. ఒక్కపొద్దంటే నీళ్లు కాదు గదా, ఉమ్మి కూడా మింగకూడదు. "రేపు నోట్లో ఏమీ పడదు, ఇప్పుడే గట్టిగా తినప్పా" అని ముందురోజు సాయంత్రమే పొట్టేలు మాంసం వండి మూడుసార్లు వడ్డించింది. నేనూ కాదనలేదు (మాంసం విషయంలో పెద్దల మాట ఎప్పుడూ జవదాటలేదు). అప్పట్నుంచి గుక్కెడు నీళ్లు లేవు. మర్నాడు బస్సులో పక్క సీటాయన నీళ్ల సీసా ఎత్తినప్పుడల్లా కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాను.

రిపోర్టులో క్రియాటినిన్ అన్న మాట పక్కన నక్షత్రం గుర్తు ఉంది. బళ్లో మంచి మార్కులకు వేసే నక్షత్రమే అనుకుని, నవ్వుతూ, నాకు రక్తం తీసిన ల్యాబ్ అక్కకు చూపించాను. ఆమె నవ్వలేదు. మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం నా రక్తంలో ఎక్కువ ఉందట. మంగళవాడ నుంచి డయాలసిస్‌కు తిరిగే మా మామ గుర్తొచ్చాడు. ఉద్యోగం సంగతే మర్చిపోయాను.

"నిన్న ఏం తిన్నావప్పా?"

"మాంసం అక్కా."

"నీళ్లు తాగినావా?"

"ఒక్కపొద్దు గదక్కా, ఉమ్మి కూడా మింగలేదు."

అప్పుడు నవ్విందామె, కుర్చీ పట్టుకుని మరీ. "రక్తమిచ్చేకి వచ్చినావా, మొక్కు తీర్చేకి వచ్చినావా? అంత మాంసం తిని నీళ్లు మానేస్తే అది పెరక్కుండా ఏం జేస్తాది? రెండు దినాలు మాంసం ముట్టద్దు. నీళ్లు బాగా తాగి మళ్లీ రా."

రెండోసారి మా నాయన కూడా భయపడి వెంట వచ్చాడు. నాకు సూది గుచ్చుతుంటే చూడలేక పక్కకు తిరిగి, జేబులోంచి మోకాళ్ల నొప్పి మాత్ర తీసి మింగాడు. అక్క చూసింది.

"అది దినామూ మింగుతావా నాయనా?"

"రెండు మూడు మింగుతా తల్లీ. అవి లేకుంటే చేన్లోకి పోలేను."

"అట్లయితే నువ్వూ ఈడ కూర్చో."

సాయంత్రం రెండు కాగితాలూ నా చేతికొచ్చాయి. నాది బాగుంది! ల్యాబ్ మెట్ల మీదే నిలబడి, ఫోనులో "నా కిడ్నీలు గట్టిగుండాయవ్వా!" అని వీధంతా వినబడేలా అరిచాను. అక్క బయటికొచ్చింది. "నీ సంబరం సరేప్పా, మీ నాయనది చూసినావా?"

నాయనది నిజంగానే పెరిగి ఉంది. అక్కే మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కిడ్నీలను దెబ్బతీసే ఆ నొప్పి మాత్రలు ఆ రోజుతో బంద్. ముందుగా తెలిసింది కాబట్టి సరిపోయిందని, ఇంకొంత కాలం మింగి ఉంటే చేయి దాటిపోయేదని డాక్టరు అన్నాడు. నా పని పర్మినెంటయింది. నాయన ఈ రోజుకీ చేన్లోకి వెళ్తున్నాడు, మూడు నెలలకోసారి తనంతట తానే పోయి రక్తం ఇచ్చి వస్తాడు. ఆ అక్కకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. అవ్వకూ ఒకటి పెట్టాలి, ఆమె నాతో ఆ తప్పు చేయించకపోతే నాయన ల్యాబ్ గడప తొక్కేవాడే కాదు.

ఆ మెట్ల మీది కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక చేత్తో ఫోను పట్టుకుని గంతులేస్తున్నాడు. రెండో చేతిలో వాళ్ల నాయన కాగితం ఉంది, మడత కూడా విప్పలేదు.