ముక్కు కింద దారం

పాపకు మూడో నెల వచ్చినప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. తను నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో చూడటం. సూరత్‌లో మేముండే రెండు గదులూ లూముల, అంటే మరమగ్గాల, షెడ్డు మీద ఉండేవి. లూములు ఆడుతుంటే పక్క మనిషి మాటే వినపడదు, పసిపిల్ల ఊపిరేం వినపడుతుంది? అందుకని మా ఆయన చొక్కాకు అంటుకొచ్చిన దారం ముక్క తీసి పాప ముక్కు కింద పట్టేదాన్ని. కదిలితే బతికుంది. రెండు నిమిషాలకు మళ్ళీ అనుమానం. ఒక్కోసారి దారం గిలిగింతకు పాప తుమ్మి లేచేది.

"పండుకున్న పొల్లను లేపుడేందే? చదువుకున్నదానివి!" అని అత్తమ్మ అరిచేది.

ఆ అరుపులు నాకు లెక్కలేదు. అసలు సంగతి బయటపడితే, పిచ్చిదని నన్ను పుట్టింటి బస్సెక్కించి పాపను తన దగ్గరే ఉంచుకుంటుందేమోనన్నదే నా భయం.

లూములకు సెలవైన ఒక మధ్యాహ్నం మా ఆయన వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. హిందీ సినిమా. ప్రేమకథే, కానీ హీరోయిన్‌కు మనసు జబ్బు. గ్యాస్ కట్టేశానో లేదోనని పెళ్ళి మండపంలోంచి లేచి ఇంటికి పరుగెత్తుతుంది. హీరో మెడలో దండతోనే వెనకాల పరుగు. చూసి వచ్చాక, "కట్టేసే ఉంది" అంటుంది. మళ్ళీ సగం దారిలో ఆగిపోతుంది.

"ఓ యవ్వ! ఇంకెన్నిమాట్లు జూస్తదే గీ పొల్ల?" అని అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆయనా నవ్వాడు. నాకు మాత్రం, నన్నే ఎవరో తెర మీద పరుగెత్తిస్తున్నట్టు అనిపించింది.

మంచినీళ్ళని ఒకసారి, బట్టలు ఆరేయాలని ఒకసారి లేచి లోపలికి వెళ్ళి పాపను చూసొచ్చాను. ఆరోజు లూముల చప్పుడు లేదు, ఊపిరి చక్కగా వినపడుతోంది. అయినా దారం పట్టందే నమ్మకం కుదరలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు మా ఆయన వెనకే వచ్చాడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఊపిరి చూస్తున్న."

ఓదారుస్తాడనుకున్నాను. దారం అందుకుని వెలుతురులో పట్టి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నేత పనివాడు మరి.

"ఇది ముడతల దారమే, దూది లెక్క తేలిక. ఫ్యాను గాలికే ఊగుతది. దీన్నెట్ల నమ్ముతున్నవ్?"

అంటే రెండు నెలలుగా నేను చేసిన పరీక్షలన్నీ ఫ్యానుకే! గోడకు చేరగిలబడి బావురుమన్నాను. రోజుకెన్నిసార్లు చూస్తున్నానో, ఎందుకు దాస్తున్నానో, బస్సు భయంతో సహా అంతా ఏడుస్తూనే చెప్పేశాను. చెప్పాక చూస్తే అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

ఆమె కొడుకు వైపు తిరిగి, "గా సినిమాల పొల్లకు డాక్టరు గోలీలిచ్చిండు గదరా. ఈడ దొరకవా?" అంది.

వారం తిరిగేలోపు ముగ్గురం పాపను ఎత్తుకుని మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గుజరాతీ. నన్ను హిందీలో, రోజుకు ఎన్నిసార్లు చూస్తారని అడిగాడు. సిగ్గుపడి ఐదారుసార్లన్నాను.

"అబద్ధం!" అంది అత్తమ్మ, డాక్టరుకు రాని తెలుగులోనే. "ముప్పైమాట్లు! అయితే సారూ, ఓ మాట జెప్తున్న. దీన్ని పుట్టింటికి తోలుమంటే మాత్రం నేను తోల. పొల్లకు పాలెవలిస్తరు? నాకు బువ్వెవలు వండుతరు? జర సోంచాయించి గోలీలు రాయి!"

డాక్టరు మా ఆయన వైపు చూశాడు. ఏమంటున్నారని అడిగాడు.

కోడలంటే మా అమ్మకు ప్రాణమని మా ఆయన హిందీలో ఒక్క ముక్కలో చెప్పాడు.

ఇంకా వేలు ఆడిస్తూనే ఉన్న అత్తమ్మను డాక్టరు ఓసారి ఎగాదిగా చూసి, చీటీ రాయడం మొదలుపెట్టాడు.