బొంత అంచున దోపిన సీల

శుక్రవారం, పొద్దుగాల పది గంటలు. మానుకోట దవాఖాన ముంగట, అల్లుని కారుల, పుట్టి నాలుగు దినాలైన మనుమని కింద నేనొక బొంత పరిచిన. ఆరేండ్లాయె. ఆ బొంత బరువు ఇంకా నా ఛాతి మీదనే ఉన్నది. చదివేటోనివి నువ్వెవరో నాకు తెల్వదు. తెల్వదు గనుకనే నీకు చెప్తున్న. నేను అక్షరాలు నేర్చింది మొన్న మొన్న. తప్పులుంటె దిద్దుకొని చదువు.

నా అల్లుడు కుమార్‌ది భూపాలపల్లి. బొగ్గుబాయిల పని. పసిపిల్లలను కారుల కూసోపెట్టే కుర్చి ఒకటి కొనుక్కొచ్చిండు. మా దిక్కు అప్పటిదాక ఎవ్వరం చూడలే. దాన్ని ఎనుక సీటు మీద పెట్టి, పిల్లగాని మొఖం కారు ఎనుక దిక్కుకు ఉండేటట్టు తిప్పి, మోకాలు ఆనిచ్చి నొక్కుకుంట కారు బెల్టు గుంజి బిగించిండు. రెండు చేతులతోని ఊపి చూసిండు. కదల్లే. పిల్లగాని తల ముందలకు వాలకుండ కుర్చిని జర ఎనుకకు వంచిండు. నాకు నవ్వొచ్చింది.

"పిల్లగాన్ని తీస్కపోతున్నవా, గడ్డిమోపు కడ్తున్నవా?" అన్న.

"మోపు జారితె మళ్ల కట్టుకోవచ్చు అత్తమ్మ."

"మొఖం గటెందుకు? వాడు తొవ్వ చూడొద్దా?"

"మెడ నిలవదు గద వానికి. బ్రేకు కొడ్తె కుర్చి ఈపే వాని తలను, మెడను కాస్తది. భుజాల మీది పట్టీలు వదులుండొద్దు. వాని కింద ఏం బట్ట పెట్టకు."

గా ఆఖరి మాట నాకు గుచ్చుకున్నది. మా ఇంట్ల ఇరువై ఒకటో దినం దాక పసిగుడ్డు ఒంటికి కొత్త బట్ట తగలనియ్యం. పెద్దోళ్లు కట్టి మెత్తబడ్డ పాత బట్టనే. తొవ్వకు తీస్తె గాలి సోకకుండ పక్కన ఇనుము ఉండాలె. ఈ కుర్చి గుడ్డ చూస్తె కొత్తది, దుకాణం వాసన గూడ పోలే. పిల్లలను కని పెంచిన నాకు నిన్న మొన్న తండ్రి అయినోడు చెప్పుడా? గా పొగరే. ఇంకేం లేదు.

కుమార్ మందులకు పోయిండు. నా బిడ్డ స్వరూప కుట్ల నొప్పితోని ముందల సీట్ల కండ్లు మూసుకొని ఒరిగింది. నేను పట్టీలు వదులు చేసిన. నా పాత చీరల బొంత మడతేసి పిల్లగాని కింద పరిచిన. అంచున, తల పక్కకు, ఇనుప సీల దోపిన. పట్టీలు మళ్ల పెట్టిన గాని గుంజలే. పక్కన కూసొని పైన నా కొంగు కప్పిన. కుమార్ వచ్చి, "పట్టీలు బిగుతుగనే ఉన్నయా?" అన్నడు. "ఉన్నయి. పండుకున్నడు, లేపకు, పోనియ్యి," అన్న.

మా ఊరు బయ్యారం ఇంక జర దూరం ఉన్నదనంగ మేకలు అడ్డమొచ్చినయి. బ్రేకు కొట్టిండు. పిల్లగాడు వదులు పట్టీలకెల్లి పైకి జారిండు. కనుబొమ్మ సీలకు చీరుకపోయింది.

నేను ముందుగాల ఏం చేసిన్నో తెలుసా? పిల్లగాన్ని ఎత్తలే. సీల తీసి నడుముకాడ రొండిల దోపుకున్న. అటెనుకనే వాన్ని బొంతల చుట్టి ఎత్తుకున్న. నా చేతులకు అంత తెలివి ఎక్కడిది? ఎవరు నేర్పిండ్రు?

కుమార్ తలుపు తీసిండు. నెత్తురు చూసిండు.

"నేను మంచిగనే కట్టిన గద అత్తమ్మ?"

"మంచిగ కడ్తె ఎందుకు జార్తడు?"

గంతె. గా ఒక్క మాట.

కంటికి ఏం కాలే. కుట్లు పడ్డయి. ఇరువై ఒకటో దినం జనగామ నుంచి వచ్చిన కుమార్ వాళ్ల పెద్దన్న, "కుర్చి కట్టరాదు గాని మావోడు కారు కొన్నడు," అంటె బంతిల కూసున్నోళ్లందరు నవ్విండ్రు. కుమార్ తల వంచుకొని తిన్నడు. నేను అన్నం వడ్డించిన. అప్పుడన్న నోరు తెరువొద్దా? తెరువలే. రేపు చెప్త అనుకున్న. ఆ రేపు ఆరేండ్లు సాగింది. అల్లుడు నన్ను ఇంట్లకు రానియ్యడేమో, బిడ్డ మొఖం చూడదేమో అని భయం. నిజంగ అదేనా? కాదు, అత్తననే పెద్దరికం పోతదని భయం.

మనుమడు చింటు సెలవులకు వచ్చి, "అమ్మమ్మ, నువ్వు గూడ దిద్దు," అని పలక నా ముందల పెట్టేటోడు. నాకు అక్షరాలు నేర్పింది వాడే. తల ఎత్తినప్పుడల్ల వాని కనుబొమ్మ మీద వెంట్రుక మొలవని గీత కనవడేది.

మొన్న భూపాలపల్లిల స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. పాత కుర్చి పనికిరాదని స్వరూప కొత్తది తెప్పిచ్చింది. దవాఖానకెల్లి ఇంటికి తెచ్చే దినం కుమార్ దాన్ని ముట్టలే. "నేను కట్టిన దాంట్ల ఈ పిల్లను పెట్టను. ఒళ్లె పట్టుకో," అన్నడు.

ఒళ్లె! నా అబద్దం ఇంకో పసిగుడ్డును ఉత్త చేతుల మీద తొవ్వకు తీస్తున్నది. ఇగ ఆగలే. దాచిన సీల కొంగు ముడిలకెల్లి తీసి అల్లుని అరచేతిల పెట్టిన. "నువ్వు మంచిగనే కట్టినవు. బొంత పెట్టింది నేను. పట్టీలు వదులు చేసింది నేను. వాన్ని చీరింది గిదే," అని చెప్పిన.

సీల దిక్కు చూసిండు. పోనియ్యి అనలే. తిట్టనూ లేదు. స్వరూప మొఖం తిప్పుకున్నది. కుమార్ సీలను జేబుల ఏసుకొని, కుర్చి ఎత్తుకపోయి కారుల పెట్టి, మోకాలు ఆనిచ్చి బెల్టు గుంజిండు. ఊపి చూసిండు. పిల్లను పండవెట్టి పట్టీలు బిగించిండు. అప్పుడు నన్ను పిలిచిండు.

"ఈ పట్టీని వేళ్లతోని పట్టి చూడు అత్తమ్మ. మడత పడ్తదా?"

భుజం మీది పట్టీని రెండు వేళ్ల నడుమ పట్టిన. మడత పడలే. నా చేతిల బొంత ఉండె. తీసుకొని, పట్టీల మీదికెల్లి పిల్ల కాళ్లకు కప్పిండు.  ఇల్లు చేరిందాక పిల్ల తల కదలకుండ, కమ్మగ పండుకొని వచ్చింది. నా ఛాతి ఆ దినం జర తేలికైంది. మాఫీ దొరికిందని కాదు. చెప్పిన గనుక.

ఆ శుక్రవారం కారుల ఉన్నది: బండి నడిపిన కుమార్, ముందల ఒరిగిన స్వరూప, ఇంక పేరు పెట్టని చింటు, రొండిల సీల దోపుకున్న నేను.