ఉయ్యాల బల్లలో ఒక పొర

మా నంద్యాలలో తలుపు కనబడితే తట్టే జబ్బు నాకొక్కడికే ఉంది. వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటాను. లోపలివాళ్లు "ఎవరప్పా?" అంటూ తీసేసరికి నా చెవి మెలిపెట్టడానికి వీలుగా వాళ్ల ముందే ఉంటుంది. గిటార్లు చేసేవాణ్ణి, ఏం చేయను? మంచి చెక్క తడితే ఖంగుమనాలి.

నల్లమలలో దొంగతనంగా కొట్టుకొచ్చిన చెట్టు నా గిటారులోకి రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. గిటారుకు బాగా పలికే జిట్రేగి చెక్క దుంగ ఉందంటూ ఒకాయన వచ్చేవాడు. "కొట్టింది కాదన్నా, దానంతటదే పడింది." ఆయన కంటబడ్డ చెట్లన్నీ సిగ్గుతో పడిపోతాయి కాబోలు! పొమ్మన్నాను. పొమ్మన్నానే గాని, ఈస్టరుకల్లా చర్చికి గిటారు ఇస్తానని అక్కడ అందరి ముందూ మాటిచ్చి ఉన్నాను. చేతిలో చెక్కముక్క లేదు.

అప్పుడే ఆళ్లగడ్డలో ఒక కిరాణా షావుకారు పాత మిద్దె విప్పుతున్నాడని తెలిసి, ఆటో మాట్లాడుకుని పరిగెత్తాను. దూలాలను చెదలు తినేశాయి. నడుమింట్లో మాత్రం జిట్రేగి ఉయ్యాల బల్ల ఉంది. దాని మీద ఒక చివరగా షావుకారు తల్లి కూర్చుని ఉంది.

"కొంచెం లెయ్యవ్వా" అన్నాను. లేచింది. తట్టాను. ఖంగుమంది!

"ఓయమ్మ! ఇన్నేండ్లూ ఇంత గొంతు పెట్టుకుని నా కింద పడుండిందా?" అంది అవ్వ.

"తీస్కపోన్నా. కొత్తింట్లో దీనికి జాగా లేదు" అన్నాడు షావుకారు. ఆ సంబరంలో బల్ల రెండో చివర కూలబడ్డాను.

"లెయ్! ఆడ కాదు. అది మా ఆయన జాగా." తాత పోయి చాలా ఏళ్లయిందట. "మనిషి పోయినాడు గానీ జాగా పోలేదు. బల్ల ఇయ్యను, పో."

ఉత్త చేతులతో బయటపడ్డాను. ఆటో ఎక్కి సగం దూరం వచ్చాక బుర్ర వెలిగింది. ఎంత మొద్దునో! బల్ల మందం రెండంగుళాలు. గిటారు వీపుకూ పక్కలకూ కావలసింది చపాతీ మందం. ఆటో వెనక్కి తిప్పించాను.

"అడుగున ఒక్క పొర తీసుకుంటానవ్వా. బల్ల నీకే."

"నేనూ వస్తాండా" అని సామిల్లు దాకా వచ్చింది. రంపం ఆడినంతసేపూ "మెల్లగప్పా, మెల్లగ!" అంటూ పనివాళ్లను బతకనివ్వలేదు. పొర నా చేతికిచ్చి, స్లాబుకు ఉయ్యాల కొక్కేలు పెడితేనే కొత్తింట్లో అడుగు పెడతానని కొడుక్కి తేల్చి చెప్పింది.

ఈస్టరుకు వారం ముందు గిటారు తీసుకుని ఆ కొత్తింటికి వెళ్లాను. హాల్లో ఉయ్యాల వేలాడుతోంది. అవ్వ ఎప్పటిలా ఒక చివర ఉంది. రెండో చివర కూర్చునే ధైర్యం నాకెక్కడిది? నిలబడే వాయించాను. ఆమె వింటూ వింటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దాన్ని ఈడ పెట్టు" అంది, పక్కన తాత జాగా చూపించి.

గిటారును అక్కడ పడుకోబెట్టాను. అవ్వ కాలితో నేలను తన్నింది. ఇద్దరూ ఊగారు. నేను నిలబడే ఉన్నాను.